మేటు లోపలి వేడి

మా ఊరి సైన్సు మాస్టారు ఎక్కడ గడ్డిమేటు కనిపించినా మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసేవారు. ఎనభైల్లో, కొత్తపేట దగ్గర మా చేలో, ఒక ఏడు దాళ్వాకు, అంటే రెండో పంటకు, వానలో తడిసిన గడ్డినే మేటు వేశాను. ఆయన చెయ్యి దూర్చి చటుక్కున తీసేశారు.

“లోపల ఉడుకుతోందిరా అబ్బాయ్. మనం తిన్న అన్నం ఆక్సిజన్‌తో కలిసి ఒంట్లో వేడి పుట్టించినట్టే, ఈ తడిగడ్డీ పుట్టిస్తోంది. ఇవాళే విప్పి ఆరబెట్టు. పొగ వాసన వచ్చాక మాత్రం విప్పకు, ఒక్కసారిగా గాలి తగిలితే భగ్గుమంటుంది. నీళ్లు దగ్గర పెట్టుకుని నాకు కబురు చెయ్యి.”

“మేటుకి జొరమేమో మాస్టారండీ, మాత్ర వేద్దామంటారా?” అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వారు. మేటు మాత్రం నేను విప్పలేదు.

కొన్నాళ్లకు పొగ వాసన వచ్చింది. ఆయనకు కబురు పెట్టడం నామోషీ అనిపించి నేనే విప్పాను. మేటుతో పాటు పక్కనే ఉన్న పశువుల పాక కూడా కాలిపోయింది. పశువులు మేతకు వెళ్లాయి కాబట్టి బతికాయి.

మాస్టారు పరుగెత్తుకుంటూ వచ్చి, “విప్పేవా?” అని అడిగారు.

“లేదండీ. దానంతటదే అంటుకుందండీ.”

“విప్పకుండానే ఇంత మంటా? అయితే నేను చెప్పిందే తప్పు.”

మర్నాడు క్లాసులో పిల్లల ముందు కూడా తాను చెప్పింది తప్పని ఒప్పుకున్నారు. మేటు దగ్గర ఆయన నాకు చెప్పింది అక్షరాలా నిజం.