చంద్రుడు దిగేదాకా

మా బావ వెల్డన్ టెడ్‌ఫర్డ్ చంద్రుణ్ణి నమ్ముకున్నాడు. మా అక్క థెల్మా ఆయన్ని నమ్ముకుంది. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తెలివితక్కువతనమో తేల్చుకోలేక నేను ముసలిదాన్నయ్యాను.

ఫండీ అఖాతంలో మా దీవి పడమటి ఒడ్డున బతుకంతా ఎర్ర నాచు మీదే. డల్స్ అంటాం, తినడానికి అమ్ముతాం. ఏరుకొచ్చి గులకరాళ్ళ మీద ఆరబెడితే కరకరలాడుతుంది. మంచి నాచు దూరపు రాళ్ళకే పడుతుంది. ఆ రాళ్ళు పున్నమికీ అమావాస్యకీ తప్ప బయటపడవు. అర్ధచంద్రుడి రోజుల్లో నీళ్ళు బద్ధకంగా నాలుగడుగులు వెనక్కి పోయి వచ్చేస్తాయి. అప్పుడు మగవాళ్ళు వలలు బాగుచేస్తారు, లేకపోతే తాగుతారు. మా ఊరి తగువులన్నీ ఆ వారంలోనివే.

నాచు ఏరేవాళ్ళు నడుం వంచి, సముద్రానికి వీపు పెట్టి పనిచేస్తారు. అందుకని ప్రతి జట్టుకూ ఒడ్డున ఒక కావలి మనిషి ఉంటాడు. అతను మెడలో కట్టుకున్న ఈల వేస్తే ఎక్కడివాళ్ళు అక్కడ వదిలేసి వచ్చెయ్యాలి. ఈల పడకుండా వచ్చినవాడు పిరికివాడు, పడ్డాక రానివాడు చచ్చినవాడు అని మా సామెత.

వెల్డన్ మా జట్టు కావలి. చిన్నప్పుడు పడవకీ రేవు గట్టుకీ మధ్య కాలు నలిగిపోయింది. జారే రాళ్ళ మీద నడవలేడు. ఆయన్ని చేసుకుంటానని థెల్మా అన్నప్పుడు ఇంట్లో అందరికంటే గట్టిగా అరిచింది దాని చెల్లెలు నోరా, అంటే నేనే. మా అక్క మాట వినే రకం కాదు. ఏరడంలో దాని చేతికి దీటైన చెయ్యి లేదు. "పెళ్ళాం ఏరుతుంటే మొగుడు కూచుని పిట్టలా ఈలేస్తాడట" అని రేవులో వెటకారాలాడేవాళ్ళు. ఆ ఈల తప్ప బావకు మగాడిననిపించుకునే దారి ఇంకొకటి లేదు. ఆ సంగతి మా అక్కకు బాగా తెలుసు.

బావకు వాళ్ళ తాత నేర్పిన లెక్క ఒకటుంది. పున్నమి వారంలో పొద్దున చంద్రుడు సముద్రానికి అవతల, పడమటి కొండల వెనక్కి దిగే వేళకు నీళ్ళు పూర్తిగా వెనక్కి పోయి ఉంటాయి. ఆయన దిగాకే తిరుగుతాయి. దిగేదాకా భయం లేదు. బావ చెయ్యి చాచి, చంద్రుడికీ కొండకీ మధ్య ఎన్ని పిడికిళ్ళు పడతాయో చూసుకుని కాలం చెప్పేవాడు. ఆటుపోట్ల వేళలు అచ్చువేసిన కాగితం ప్రతి వంటింటి గోడకూ ఉంది. దాని ఊసెత్తితే నవ్వేవాడు. "ఆ కాగితం అచ్చేసినోడి పెళ్ళాం రాళ్ళ మీదికెళ్తుందా?" అనేవాడు. మే నెల నుంచి ఆగస్టు దాకా ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. అమావాస్య వారంలో మాత్రం ఎవరి కళ్ళు వాళ్ళవే.

సెప్టెంబరులో కోతల పున్నమి దాటాక రాళ్ళు చెడ్డవని, అటు వెళ్ళకూడదని మా ముసలివాళ్ళు అనేవాళ్ళు. ఎందుకో వాళ్ళకే తెలియదు. ముసలమ్మ కబుర్లనుకున్నాం. ఆ ఏడు వేసవంతా పొగమంచు, వాన. ఏరిన నాచు ఆరక కుళ్ళిపోయింది. చలికాలానికి ఏమీ మిగల్లేదని, ఆ పున్నమి దాటాక కూడా వెళ్ళాం.

ఆ పొద్దున ఆకాశం కడిగినట్టుంది. ఒడ్డుకీ దూరపు రాళ్ళకీ మధ్య ఉన్న పాయ ఎండిపోయింది. నేను, థెల్మా, క్లేటన్ అనే అతను దాన్ని దాటి వెళ్ళాం. సంచులు సగం నిండేసరికి నా బూటుకు నీళ్ళు తగిలాయి.

"అక్కా, నీళ్ళు తిరిగినట్టున్నాయే."

"నాకూ అట్టాగే ఉంది."

"మరి పద."

"ఆయన ఈల వెయ్యలేదుగా."

"వేస్తే ఎంత, వెయ్యకపోతే ఎంత? నడువు!"

"మీరు వెళ్ళండే. నేనూ వచ్చేస్తే రేపట్నించి ఆయన ఈల ఎవడు వింటాడు? కట్టుకున్నదానికే నమ్మకం లేదంటారు." మళ్ళీ వంగి ఏరడం మొదలుపెట్టింది.

నేనూ క్లేటనూ పాయ దాటేసరికి నీళ్ళు మోకాళ్ళు దాటాయి. బావ మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏం నోరా, చలేసిందా? అటు చూడు. చంద్రుడింకా రెండు పిడికిళ్ళు పైనున్నాడు."

"నీళ్ళు తిరిగాయి బావా. ఈల వెయ్యి."

"చంద్రుడు దిగకుండా నీళ్ళు తిరగడం మా తాత నాటి నుంచీ లేదు."

"మీ తాత చచ్చి ఏ లోకాన ఉన్నాడో! వెయ్యవయ్యా!"

"థెల్మా కదిలిందా? లేదుగా. నీకెందుకంత కంగారు?"

మేం గొంతు చించుకుని అరిచాం. అది చెయ్యి ఊపి మళ్ళీ వంగింది. క్లేటన్ ఈల లాక్కోబోయాడు. ఇద్దరూ పెనుగులాడుతుండగా బావ పాయ వైపు చూశాడు. అది నిండి పారుతోంది. అప్పుడు వేశాడు ఈల. ఊపిరి ఆగేదాకా వేశాడు.

థెల్మా వెంటనే సంచి వదిలేసి బయల్దేరింది. పాయ మధ్యలో నీళ్ళు నడుము దాటాయి. తొడల దాకా ఉన్న బూట్లు నిండిపోయాయి. క్లేటన్ తాడు తీసుకుని దూకాడు, వడి అతన్ని వెనక్కి విసిరేసింది. బావ కుంటుకుంటూ గుండెల లోతు దాకా వెళ్ళిపోతే మేమిద్దరం జుట్టు పట్టి లాక్కొచ్చాం. అప్పటికి అక్క కనబడలేదు. చంద్రుడు మాత్రం కొండ మీద తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాడు. నాకు ఆ చంద్రుడి మీద అసహ్యం పుట్టింది, ఇప్పటికీ పోలేదు.

ఆ ఒక్క నెలలో, పున్నమి దాటాక, చంద్రుడు ఆకాశంలో ఎక్కువసేపు ఉండిపోతాడట. దిగడం ఆలస్యమవుతుంది. నీళ్ళు ఆయన కోసం ఆగవు. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. తెలిసి ఏం లాభం?

బావ మళ్ళీ ఈల పట్టలేదు. వంటింట్లో కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాడు. నేను సూప్ పట్టుకెళ్ళినప్పుడల్లా ఒకటే మాట. "మీరిద్దరూ వచ్చేశారుగా నోరా. అది ఎందుకు రాలేదు?"

"ఏమో బావా" అనేదాన్ని. జాలిపడే అలా అన్నాను. ఏళ్ళు గడిచాయి, జాలి అరిగిపోయింది. ఒక రోజు చెప్పేశాను.

"రమ్మన్నాను. తనకీ తెలుసు నీళ్ళు తిరిగాయని. నీ ఈల పడకుండా వచ్చేస్తే నీ పరువు పోతుందని ఆగింది."

ఆయన చెంచా కింద పెట్టాడు.

"అది కదల్లేదు కాబట్టే నీళ్ళు తిరగలేదనుకున్నాను నోరా" అన్నాడు.