మా ఇంటి కింది కోర్టు

డబ్లిన్‌లో కంపెనీలు వరసపెట్టి వెలుస్తున్న రోజుల్లో మా ఆఫీసు అమెరికా లాయర్లకు సాఫ్ట్‌వేర్ చేసేది. క్రిమినల్ అప్పీళ్ళ పని నా నెత్తిన పడింది. నేర్చుకున్నదంతా ఇంట్లో అన్నం తింటూ వల్లించేవాణ్ణి. బోమాంట్ ఆసుపత్రిలో డాక్టరైన మా ఆవిడ ఆవలిస్తూ వినేది. స్కూలుకెళ్ళే మా అమ్మాయి అసలు వినడం లేదనుకున్నాను.

ఒకరోజు అమ్మాయి డాన్సు క్లాసు ఎగ్గొట్టి షాపుల్లో తిరుగుతోందని తెలిసిన ఆంటీ ఒకావిడ ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేస్తూనే మా ఆవిడ తీర్పిచ్చేసింది: శనివారం కామోగీ ఫైనల్‌కి వెళ్ళడానికి వీల్లేదు. కామోగీ అంటే ఇక్కడి ఆడపిల్లలు కర్రలతో ఆడే ఆట. మా పిల్లకి అదంటే ప్రాణం.

కాసేపటికి నా దగ్గరికొచ్చింది. "డాడ్, ఐ వాంట్ టు అపీల్."

నాకెంత సంబరమేసిందో చెప్పలేను. పైకి మాత్రం గంభీరంగా కూర్చున్నాను.

"మై ఫ్రెండ్ విల్ టెల్ యూ వాట్ హాపెన్డ్."

"కొత్త సాక్షులంటే కుదరదమ్మా. అప్పీలు కోర్టు కేసు మొదట్నుంచీ వినదు. కింది కోర్టులో విచారణ పద్ధతిగా జరిగిందా లేదా, అదే చూస్తుంది."

ఆలోచించింది. "మమ్మీ నెవర్ ఆస్క్‌డ్ మీ ఎనీథింగ్."

"ఆ మాట అప్పుడే అన్నావా? అప్పుడు అనకపోతే ఇప్పుడు సాధారణంగా చెల్లదు."

"ఐ షౌటెడ్ ఇట్ ఆన్ ద స్టెయిర్స్."

నిజమే, మేముండే ఆడమ్స్‌టౌన్ పేటలో సగానికి వినపడింది. తీర్పు కొట్టేసి, మళ్ళీ విచారించమని కింది కోర్టుకే పంపాను.

"మళ్ళీ నా దగ్గరికేనా?" అంది మా ఆవిడ.

"అమెరికా కోర్టుల్లో పద్ధతి అదే."

"బయల్దేరారండీ జడ్జీగారు," అని గొణిగి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎందుకు ఎగ్గొట్టావే?"

"ఐ హేట్ డాన్స్. ఆల్వేస్ డిడ్."

"మరి చెప్పలేదేం?"

"నోబడీ ఆస్క్‌డ్."

మా ఆవిడ పిల్లని దగ్గరికి లాక్కుంది.

"మ్యాచ్‌కి వెళ్ళు," అంది. "కానీ డాన్సు మానేస్తున్నానని టీచర్‌కి నువ్వే ఎదురుగా చెప్పాలి."

పిల్ల మొహం పాలిపోయింది. ఆ టీచరంటే పెద్దవాళ్ళకే హడల్. నా వైపు తిరిగింది. "డాడ్, కెన్ ఐ అపీల్ దిస్ వన్?"

"ఈసారి అమ్మ అన్నీ అడిగే చెప్పింది కదమ్మా. కొట్టేయడానికి నాకేం దొరకలేదు."

టీచర్ ఇంటి ముందు నేను కారాపితే, పిల్ల అమ్మ చెయ్యి పట్టుకునే దిగింది.