చదరపు తీగలోంచి గుండ్రటి బుడగ

మా చిన్నప్పుడు... అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం గొడవలై బడులు మూసేస్తే, సైదాబాద్‌లో మా కిరాయి ఇంటి ముందు నేనూ మా అన్న యాదగిరీ పొద్దస్తమానం సబ్బు బుడగలు ఊదేవాళ్లం. నాకు పదకొండేళ్లు, అన్నకు పదమూడు.

అరిగిపోయిన సబ్బు ముక్కలు నానేసిన నీళ్లు, ఊదడానికి బొప్పాయి ఆకు కాడ... బుడగ వచ్చేది, గోడ దాటకముందే టప్పున పోయేది. నాకు అదే దిగులు. నాయన బజారుకు పోతే వచ్చేదాకా దిగులు, బుడగ లేస్తే పగులుతుందని దిగులు. పుట్టుకే అంత.

నాయనది చేనేత పని. మగ్గానికి ఎక్కించే నిలువు పోగులను... పడుగు అంటారు... సందు పొడుగునా చాపి గంజి పట్టించేవాడు. గంజి పడితే పోగు గట్టిపడుతుంది కదా, బుడగ ఎందుకు గట్టిపడదు అనిపించింది. కాస్త గంజి తెచ్చి సబ్బునీళ్లలో కలిపాను. ఊదితే... బుడగ గోడ దాటి పక్కింటి రేకుల మీదుగా పోయింది!

"ఏం కలిపినవే?" అన్నాడు అన్న.

"చెప్ప. ముందుగాల గీ తీగతోని ఊదు."

తీగను నాలుగు మూలలుగా వంచి ఇచ్చాను. అయినా బుడగ గుండ్రంగానే వచ్చింది. పదిసార్లు ఊదినా గుండ్రమే.

పక్క వాటాలో కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ ఉండేవారు. మా బడిలోనే సైన్సు చెప్పేవారు. గొడవలకు భయపడి గడప దాటేవారు కాదు. పరుగెత్తి వెళ్లి కిటికీ దగ్గర అడిగాను.

"సబ్బు పొర సాగదీసిన రబ్బరు లాంటిదమ్మా. ఎంత వీలైతే అంత చిన్నగా ముడుచుకోవాలని చూస్తుంది. లోపలి గాలి ఒప్పుకోదు. అంత గాలి అన్నిటికన్నా చిన్న సంచిలో పట్టాలంటే అది గుండ్రంగానే ఉండాలి. తీగ ఎలా ఉంటే దానికేంటి?"

గంజి సంగతి చెబితే ఆశ్చర్యపోయారు. "పొరలో నీళ్లు కిందికి జారి, పైన పల్చబడి పగులుతుంది. గంజి ఆ నీళ్లను తొందరగా జారనివ్వదు. నీకెవరు చెప్పారే?"

"ఎవలు చెప్పలే టీచర్. పడుగుకు పెడ్తరు గద!"

ఆ సంబరంలో ఒళ్లు మరిచి పడుగు పక్కనే నిలబడి ఊదాం. ఇద్దరం. బుడగలన్నీ పోగుల మీద పగిలాయి. సబ్బునీళ్లు పడ్డచోటల్లా గంజి కరిగి పోగులు అతుక్కుపోయాయి. అలాంటి పోగు మగ్గం మీద తెగుతుంది.

నాయన చూశాడు. అన్న చేతిలోనూ కాడ ఉంది... అది కనపడలేదు ఆయనకు.

"బడి తెరిసినా నువ్వు పోయేది లేదు. కూసొని మగ్గానికి నూలు కండెలు సుట్టు!" అన్నాడు నాతో.

అన్నాళ్లూ బయటికి రాని టీచరమ్మ ఆ రోజు మా వాకిట్లోకి వచ్చారు. "అన్నయ్యగారూ, నేను పెద్ద క్లాసులో చెప్పే పాఠం ఈ పిల్ల తనంతట తనే కనిపెట్టింది. చదువు మానిపించకండి."

నాయన నవ్వాడు. "బుడగలు ఊదనీకి సదువెందుకు టీచరమ్మా? ఆడివిల్ల."

బడులు తెరిచారు. అన్న వెళ్లాడు. వాడి పుస్తకాలకు అట్టలు వేసింది నేనే. పోగులు చెడగొట్టింది ఇద్దరం, బడి పోయింది ఒక్కదానిది. ఇది ఏం న్యాయం? నాయన పోయి ఎన్నో ఏళ్లయినా ఈ కోపం మాత్రం చల్లారదు నాకు...

అడిగిన తెలంగాణ కూడా వచ్చేసింది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి రోడ్ల నిండా బ్యాగులేసుకున్న ఆడపిల్లలే. తిన్నారో లేదో, హాస్టల్‌కు క్షేమంగా చేరతారో లేదో అని నాకు దిగులే. కానీ వాళ్లను వెనక్కి రమ్మని మాత్రం ఎవరూ అనకూడదు.

మీ ఇంట్లో చదువు మానిపించిన అమ్మో, అత్తో, అమ్మమ్మో ఉంటే... ఏ తరగతిలో మానిపించారో, ఏ సాకు చెప్పారో అడిగి ఇక్కడ రాయండి.

నాది ఆరో తరగతి. సాకు, సబ్బు బుడగ.