కడుపునొప్పి అంటే నమ్మని డాక్టరమ్మ

"అక్కా, మన డాక్టరమ్మ పోయిందంట. నిన్న సిరిసిల్లల, వాళ్ళింట్లనే" అని పక్కింటి బూబమ్మ వచ్చి చెప్పినప్పుడు నా ఒళ్ళో బీడీల చాట ఉంది. చేతులు ఆగలేదు. ఏడుపూ రాలేదు. ఇక మా బాధ ఎవరికి చెప్పుకోవాలన్న భయమే ముందు వచ్చింది.

కోరుట్ల దగ్గర మా ఊరి సర్కారు దవాఖానలో ఆమె చాలా ఏళ్ళు చేసింది. మా ఆడవాళ్ళందరం ఆమెకు చెప్పే జబ్బు ఒక్కటే, కడుపునొప్పి. అసలు బాధ ఒంటికి పోయేటప్పుడు మంట. కానీ నోట వచ్చేది కడుపునొప్పే. ఆమె నమ్మేది కాదు.

"ఏడ నొస్తుంది అవ్వా? ఒక్క ఏలు పెట్టి చూపియ్యి."

నా వేలు బొడ్డు దగ్గర మొదలై కిందికి జారి, కుచ్చిళ్ళ దగ్గర ఆగిపోయేది. అప్పుడామె ముఖం కిటికీ వైపు తిప్పుకొని మెల్లగా అడిగేది. "మంటనా? మాటిమాటికి పోవాలనిపిస్తుందా? నడుముల నొప్పి, చలిజ్వరం ఉన్నయా?" నేను ఊ కొట్టేదాన్ని.

నాకు అన్నిటికీ భయమే. గ్యాస్ పట్టినా పేగులు కుళ్ళాయేమో అనుకుంటాను. "ఆపరేషన్ చెయ్యాల్నా అమ్మా?" అంటే నవ్వేది. "చేస్త, ముందుగాల నీ చాటకు చేస్త. అది ఒళ్ళో ఉంటే నువ్వు లేవవు, నీళ్ళు తాగవు." మూత్రం పరీక్ష చేయించి గోలీలు ఇచ్చేది. "మంట తగ్గిందని నడుమ బంద్ పెట్టకు" అని నేను గుమ్మం దాటేదాకా చెప్తూనే ఉండేది. ఒకసారి చలిజ్వరంతో పోతే మాత్రం నవ్వలేదు. "ఆగకు, పో" అని తానే ఆటో పిలిచి జగిత్యాల పెద్దాసుపత్రికి పంపింది.

ఆమె పోయాక నాకు మళ్ళీ మంట మొదలైంది. ఆమె జాగాలో వచ్చిన డాక్టరు మగపిల్లవాడు, నా మనవడి ఈడు. చెప్పకపోతే జ్వరం వస్తుందని భయం, చెబుదామంటే నోరు రాదు. బూబమ్మను తోడు తీసుకొని పోయాను.

"ఏమైంది అవ్వా?"

"కడుపునొప్పి సారూ."

అతను నమ్మాడు. గ్యాస్ గోలీలు రాయబోయాడు. నేను కిటికీ వైపు చూస్తూ అన్నాను.

"కాదు సారూ. ఒంటికి పోతే మంట."

నా వెనక నుంచి బూబమ్మ, "నాగ్గూడ సారూ" అంది. ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చొని బీడీలు చేశాం, ఒకరికొకరం చెప్పుకోలేదు.

పరీక్షకని ఇద్దరికీ చిన్న డబ్బాలు ఇచ్చారు. దవాఖాన బాత్రూంకు గడియ లేదు. బూబమ్మ లోపలికి పోయింది. నా డబ్బాను కొంగు కింద దాచుకొని, తలుపు రెక్కను బయటి నుంచి గట్టిగా పట్టుకొని నేను నిలబడ్డాను.