పుచ్చుపప్పు చూపించాలి

పలాస ప్యాసింజర్లో, నా చేతిలోని అమ్మ ఆపరేషన్ కాగితాలు చూసి పక్కనున్న అమ్మాయి పలకరించింది. క్యాన్సర్ మందు కోసం ఎలకల మీద పరిశోధన చేస్తోందట.

"ఒంట్లో రోగాల్ని సంపే కణాలుంటాయంటారు, మరవేటి సేత్తన్నాయి?" అన్నాను కోపంగా.

"గడ్డ కూడా మన ఒంటిదే కదక్కా, ఆ కణాలు పోల్చుకోలేవు. అందుకే గడ్డలోని పదార్థాన్ని ధూళికన్నా సన్నటి నానోరేణువుల్లో పెట్టి ఆ కణాలకి అందిస్తాం. అప్పుడు గుర్తుపడతాయి. మనుషులదాకా ఇంకా రాలేదు."

"మా కార్ఖానాలో జీడిపప్పు ఏరడానికి కొత్తగా వచ్చినోళ్లకి మేమూ ముందు పుచ్చుపప్పే సూపిత్తాం."

"అదే పనక్కా," అని నవ్వింది.

'నా ఒళ్లే నన్ను మోసం సేసింది' అని రోజూ కుమిలే అమ్మకి ఇంటికెళ్లగానే ఆ అమ్మాయి మాటలన్నీ చెప్పి అన్నాను: "నీ ఒంటి తప్పు కాదే అమ్మా, దానికెవరూ పుచ్చుపప్పు సూపించలేదంతే."

ఆపరేషన్ అయ్యాక అమ్మ మారు అన్నం అడగడం ఆ రోజే మొదలు.