కొమ్మకు కొమ్ము

ఆ రోజుల్లో ఒక ఫోటో బాగుందో లేదో తెలియడానికి నెల రోజులు పట్టేది. ఇప్పుడు నేను పొద్దున్నే పెరట్లో మందారం ఫోటో తీసి ఫోన్ గ్రూపులో పెడితే, ఆ పువ్వు పూర్తిగా విచ్చుకోకముందే ముప్పై మంది బొటనవేళ్లు లేపుతారు. వాళ్లలో సగం మంది ఫోటో తెరిచి కూడా చూడరని నాకు తెలుసు (ఎట్లా తెలుసంటే, నేనూ వాళ్ల ఫోటోలకు అట్లాగే లేపుతాను). మా కాలంలో పొగడ్త అయినా తిట్టయినా రైలెక్కి, బస్సు మారి రావలసిందే. అంత దూరం ప్రయాణం చేసి వచ్చిన మాటను మనిషి కాస్త మర్యాదగా చదువుకునేవాడు. చదువుకుని, ఆ పూట అన్నం మానేసేవాడు.

ఎనభైల మొదట్లో నేను జనగామలో ఒక ఆఫీసులో కొత్త గుమాస్తాను. మొదటి జీతాలు కూడబెట్టి పాత డబ్బా కెమెరా ఒకటి కొన్నాను. నేను గొప్ప కళాకారుణ్నన్న అనుమానం దానితోపాటు ఉచితంగా వచ్చింది. నాలాంటి పిచ్చివాళ్లు మరో ఇద్దరు దొరికారు. ఒకడు మానుకోట వాడు (మహబూబాబాద్‌ను మేం ఇప్పటికీ అట్లాగే అంటాం), ఇంకొకాయన భూపాలపల్లిలో బడిపంతులు. ఎవరిదో పెళ్లిలో ముగ్గురం ఒకే పెళ్లికూతురిని తీయబోయి ఒకరికొకరం అడ్డం పడ్డాం. ఎవరి ఫోటోలోనూ పెళ్లికూతురు రాలేదు గానీ స్నేహం మాత్రం కుదిరింది. ముగ్గురి ఫోటోలూ ఒక గుడ్డసంచిలో వేసి, తెలిసిన ప్రయాణికుల చేత, బస్సు డ్రైవర్ల చేత ఊరి నుంచి ఊరికి పంపుకునేవాళ్లం. ప్రతి ఫోటో వెనుక ఒక తెల్లకాగితం అంటించి ఉండేది. మిగతా ఇద్దరూ దాని మీద తమ అభిప్రాయం రాయాలి. ఉత్త ‘మంచిగున్నది’ అని రాసి తప్పించుకోకూడదన్నది మా ఏకైక నియమం. ఆ నియమం పెట్టింది నేనే. తన గొయ్యి తాను తవ్వుకోవడమంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

మానుకోట వాడికి మేం పెట్టుకున్న పేరు సూదన్న. నేను చలిలో వణుకుతూ తీసిన సూర్యోదయం ఫోటో వెనుక, “పొద్దు పొడిచిందా గుంకిందా తెలుస్తలేదు. ఏదైనా నువ్వు లేటుగ పోయినవ్” అని రాశాడు. భూపాలపల్లి పంతులుగారు చక్కెర సారు. రీలు కడిగేటప్పుడు పాడై నల్లగా వచ్చిన ఫోటోను పొరపాటున సంచిలో వేస్తే, “చీకటిని ఇంత అందంగా చూపినవారిని నేనెరుగను” అని రాసిన మహానుభావుడు. ఒకరి మాట నిజమే గానీ మింగలేం, ఇంకొకరి మాట మింగగలం గానీ కడుపు నిండదు. ఇక నాది గోడ మీది పిల్లి వాటం. “ఒకరకంగా బాగుంది, ఇంకోరకంగా చూస్తే ఆలోచించాలి” అని ప్రతి ఫోటోకూ రాసేవాణ్ని. ఏ రకంగా బాగుందో, ఏం ఆలోచించాలో నాకూ తెలియదు.

ఇట్లా నడుస్తున్న సంచి నా పెళ్లి మీదికి వచ్చింది. మొగుళ్లపల్లిలో మా మేనమామ ఉండేవాడు. పొలం, పంచాయితీ, పెద్ద మీసం, ఊళ్లో పలుకుబడి అన్నీ ఉన్న మనిషి. ఆయన రెండో బిడ్డ నాకు మరదలు. చిన్నప్పుడు నా చేతిలో జామకాయ లాక్కొని పరుగెత్తిన పిల్ల, పెద్దయ్యాక నేను వస్తే తలుపు వెనక్కి వెళ్లేది. తలుపు వెనుక నుంచి నా మాటలన్నిటికీ సన్నగా నవ్వు వినిపించేది, అది మెచ్చుకోలో వెక్కిరింపో తేల్చుకోలేక నేను పరేషాన్ అయ్యేవాణ్ని. ఆ పిల్ల తప్ప నాకు ఇంకెవరూ వద్దని మా అమ్మతో చెప్పాను. అమ్మ తమ్ముడిని అడిగింది. మామ అవునూ అనలేదు, కాదూ అనలేదు.

“నౌకరుంటె సాలదురా అల్లుడా,” అన్నాడు నాతో. “చేసిన పని పదిమంది మెచ్చాలె. గా డబ్బ మెడకేసుకొని తిరుగుతున్నవ్ గద, నన్నొక ఫోటో తియ్యి. నీ దోస్తులు పెద్ద తెలిసినోళ్లంటివి, వాళ్లు ఏమంటరో రాయించుకరా. గప్పుడు ఆలోచన చేస్త.”

అంటే నా పెళ్లి తీర్పు సూదన్న చేతిలో పడిందన్నమాట.

ఒక ఆదివారం వాకిట్లో వేపచెట్టు కింద కుర్చీ వేయించాను. మామ తెల్లపంచె కట్టి, తువ్వాల భుజాన వేసి, బిర్రబిగుసుకుని కూర్చున్నాడు. ఊపిరి కూడా నేను తీసుకోమంటేనే తీసుకునేట్టున్నాడు. అరుగు మీద ఒత్తులు చేసుకుంటున్న మా అమ్మమ్మ, అంటే మామ తల్లి, తలెత్తి చూసింది. “జర సుదురాయించి, నిమ్మళంగ కూసో కొడుకా. నీ పెండ్లినాడు గూడ గిట్లనే బిగుసుకుంటె పిల్ల బెదిరి ఏడ్సింది,” అంది. తలుపు వెనుక ఫక్కుమని నవ్వు వినిపించింది. మామ కూడా ఆపుకోలేక మీసం కింది నుంచి నవ్వేశాడు. నేను మీట నొక్కాను. నొక్కిన క్షణంలోనే తెలిసింది, అంత మంచి ఫోటో నా జన్మలో తీయలేదని. మామ నవ్వు తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు. వెనుక వేపకొమ్మ ఒకటి సరిగ్గా ఆయన నడినెత్తి మీదుగా పైకి లేచి ఉందన్న సంగతి అసలు కనిపించలేదు.

ఫోటో సంచిలో వేస్తూ, “ఈ ఒక్కసారి జర దయ సూడుండ్రి, నా పెండ్లి దీని మీదున్నది” అని చిన్న చీటీ కూడా పెట్టాను. సూదన్న మనసు కొంచెం కరిగినట్టే ఉంది, ఎందుకంటే మొదటి వాక్యం మెచ్చుకుంటూ రాశాడు. వాడి జీవితంలో అదే తొలిసారి. రెండో వాక్యం మాత్రం కదిలే రైల్లో రాశాడు. మామూలుగానే వాడి చేతిరాత దారుణం. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు బందుపడ్డ ఏడాది తన చేతిరాత కూడా బందుపడిందని, మళ్లీ తెరుచుకోలేదని వాడే చెప్పుకునేవాడు.

సంచి భూపాలపల్లి చేరగానే చక్కెర సారుకు దయ పొంగింది. మళ్లీ జనగామ దాకా ఎందుకు, మొగుళ్లపల్లి దగ్గరే కదా, తానే స్వయంగా అప్పగించి మంచి మాట చెప్పి వద్దామని, నేను అక్కడ ఉన్న ఆదివారమే ఫోటో పట్టుకుని బస్సు దిగాడు. నేను ఆ కాగితం చూసేలోపే మామ అందుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, పాలు పోయడానికి వచ్చినవాళ్లు, పంచాయితీకి వచ్చినవాళ్లు అందరూ వింటుండగా పైకి చదివాడు. చక్కెర సారు రాసింది ముందు చదివాడు. “సాక్షాత్తు సింహాసనం మీద మహారాజు.” మామ మీసం సవరించుకున్నాడు. తర్వాత సూదన్నది. “నవ్వుల పానమున్నది.” మామ నా వైపు కొంచెం ప్రేమగానే చూశాడు. “గని పెద్దమనిషి నెత్తి మీద కొమ్ము మొలిచింది.”

పంచాయితీకి వచ్చినవాళ్లంతా మామ నడినెత్తి వైపు చూశారు. ఒత్తులు చేస్తున్న అమ్మమ్మ తలెత్తకుండానే అంది. “వానికి కొమ్ములు ఇయ్యాల మొలిచినయా? సిన్నప్పటి సంది ఉన్నయి.”

చక్కెర సారు పరిస్థితి చక్కదిద్దడానికి ముందుకొచ్చాడు. “కొములంటే శుభమే పటేలా. నందీశ్వరుడికి లేవా?”

“అంటె నన్ను ఎద్దంటున్నవా సారూ?” అన్నాడు మామ నిదానంగా. ఆయన నిదానంగా మాట్లాడితేనే భయం.

నేను కాగితం లాక్కుని చూశాను. సంగతి అర్థమైంది. రైలు కుదుపుకు సూదన్న కలం జారి ‘మ్మ’ పక్కన ఒక తోక దిగింది. “మామా, అది కొమ్ము కాదు, కొమ్మ. కొమ్మకు కొమ్ము తగిలింది,” అన్నాను.

“కొమ్ముకు కొమ్ము తగులుడేందిరా? పొట్టేళ్లు కొట్లాడుతున్నయా?”

“అట్ల కాదు మామా, మకు కొమ్మిస్తే ము అయితది గద. రాసినోడు కొమ్ము ఇయ్యలే. అదే వచ్చింది.”

“ఇయ్యకుంటె ఎట్ల మొలిచిందిరా?” అని మామ తల తడుముకున్నాడు. పాలవాడు నవ్వు దాచుకోవడానికి చెంబు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తలుపు వెనుక ఏ చప్పుడూ లేదు. నన్ను అదే ఎక్కువ భయపెట్టింది. “గా మానుకోటోన్ని తోలుకరా,” అన్నాడు మామ చివరికి. “నా ముందట చెప్పమను.”

మరుసటి ఆదివారం సూదన్నను తీసుకెళ్లాను. కాగితం మీద పులిలా గర్జించే మనిషి, నిజంగా చూస్తే గాలికి ఎగిరిపోయేంత సన్నం. బస్సు దిగినప్పటి నుంచి, “నేను వెనక్కి పోత అన్నా, నీకు దండం పెడత” అని అంటూనే ఉన్నాడు. మామ ముందు నిలబడి ఫోటో మీద వేలు పెట్టాడు. “పటేలా, మీ నవ్వు మస్తుగుంది. నేను రాసింది గీ యాపకొమ్మ గురించి. మీ నెత్తిల నుంచి లేసినట్టు పడ్డది. తప్పు మీది కాదు, ఈనది.”

ఆ ‘ఈన’ నేనే.

మామ ఫోటోను దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. “అరె, ఉన్నది,” అన్నాడు. “ఇన్నొద్దులు నా మొకమే సూసుకున్న గని, కొమ్మను సూడలే.” ఆ ఒక్క మాటతో నా గుండె మీది బండ దిగిపోయింది. అయితే మా మామ తప్పు తెలిస్తే ఊరుకునే మనిషి కాదు. “కొమ్మ అడ్డమొస్తె ఏం చెయ్యాలె? కొట్టెయ్యాలె. గంతే గద,” అని గొడ్డలి తెప్పించాడు. మేం వద్దు వద్దంటుండగానే కొమ్మ నేలకూలింది. దాని నీడన ఎండాకాలమంతా మంచం వేసుకునే అమ్మమ్మ ఒత్తులు విసిరికొట్టి, కొడుకును, నన్ను, కెమెరా కనిపెట్టినవాణ్ని, వరస తప్పకుండా తిట్టింది. ఒక ఫోటో గురించి రాసిన మాట విని ఎవరైనా చెట్టు కొట్టేస్తారని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. సూదన్న అయితే ఆ తర్వాత చాన్నాళ్లు చెట్లున్న ఫోటోల మీద ఏమీ రాయలేదు.

మామ అదే చోట, అదే కుర్చీలో మళ్లీ కూర్చున్నాడు. ఈసారి వెనుక ఏమీ లేదు, వెలుతురు బాగుంది, తువ్వాల మడత కూడా చక్కగా ఉంది. అమ్మమ్మ కోపంతో లోపలికి వెళ్లిపోయింది గనక నవ్వించేవాళ్లు లేరు. ఫోటో తీశాను. సంచి మళ్లీ ఊళ్లు తిరిగి వచ్చింది. ఈసారి అమ్మను వెంటబెట్టుకుని నేనే మొగుళ్లపల్లి తీసుకెళ్లాను. దారంతా బస్సులో వెనుక కాగితం చదువుతూనే ఉన్నాను. సూదన్న రాసింది, “తప్పు ఒక్కటి లేదు. మనిషి గూడ లేడు.” చక్కెర సారు ఎంత వెతికినా ఏమీ దొరక్క, “కుర్చీ పనితనం అమోఘం” అని రాశాడు. సారు మాటల్లో నాకు దిగులు పుట్టించింది అదొక్కటే.

మామ చదివాడు. ఫోటో బోర్లించి ఒడిలో పెట్టుకున్నాడు. అమ్మ ఎదురుగా కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఇక అయిపోయిందనుకున్నాను. జనగామ బస్సు ఎన్నింటికో కూడా మనసులో లెక్క వేసుకున్నాను. అప్పుడు తలుపు వెనుక నుంచి మా మరదలు బయటికి వచ్చి నిలబడింది. పెద్దవాళ్ల ముందు ఆ పిల్ల నా గురించి మాట్లాడటం అదే మొదలు. రెండు ఫోటోలూ అడిగి తీసుకుంది. తొందరపడకుండా, బియ్యంలో రాళ్లు ఏరినట్టు చూసింది.

“బాపూ, కొమ్మ ఉన్నదాంట్ల నువ్వున్నవ్,” అంది. “గీ రెండోదాంట్ల కుర్చీనే ఉన్నది. నవ్వినప్పుడు పట్టుకునుడు ఈనకు మంచిగ వచ్చు, అది అందరికి రాదు. ఎనక ఏమున్నదో సూసుడే రాదు.”

“మరి ఏమంటవ్?” అన్నాడు మామ.

ఆ పిల్ల మొదటిసారి నా ముఖం వైపు నేరుగా చూసింది. “నేర్పొచ్చు బాపూ,” అంది.

మామ అమ్మ వైపు తిరిగి, “ముహూర్తం సూపియ్యి అక్కా,” అన్నాడు. కొమ్మ ఉన్న ఫోటోకు ఆ వారమే పటం కట్టించి గోడకు పెట్టించాడు. వచ్చినవాళ్లు కొమ్మ గురించి అడిగితే, అది మా అల్లుని పనితనం అని చెప్పేవాడట. అది పొగడ్తో మరొకటో నేను తేల్చుకోలేదు. ఇన్నేళ్లు ఫోటోలు చూసి, రాసి, రాయించుకుని ఒకటి మాత్రం తెలుసుకున్నాను. సూదన్నకు రాని తీపి, చక్కెర సారుకు రాని నిజం, రెండూ కలిపి రెండే రెండు మాటల్లో చెప్పగలిగిన మనిషి నాకు తలుపు వెనుక దొరికింది. ఇప్పటికీ నేను ఏ ఫోటో తీసినా, ఏ కూర తెచ్చినా, చుట్టాలతో ఏం మాట్లాడినా, ముందు బాగున్నదేమిటో చెబుతుంది, ఆ తర్వాత మిగిలింది చెబుతుంది. మిగిలింది ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ రోజు మొగుళ్లపల్లి నుంచి తిరుగు బస్సులో, కిటికీ పక్కన కూర్చుని, ‘నేర్పొచ్చు’ అన్న మాటను పదేపదే తలచుకుని తనలో తాను నవ్వుకున్న ఆ సన్నటి గుమాస్తా కుర్రాణ్ని తలచుకుంటే నాకు జాలీ, ముద్దూ రెండూ వస్తాయి. పాపం, అది పెళ్లికి ఒప్పుకోవడమనే అనుకున్నాడు. నలభై ఏళ్ల చదువుకు ఆ రోజే బడిలో వేశారని వాడికి తెలియదు.