సంతకం దగ్గర వేలు

ఆత్మకూరులో రాజమోహన్ డాక్టరుగారి సంతకం ఎక్కడ పడాలో చెప్పేది షరీఫున్నీసా వేలు. మందుల చీటీ కానీ, జ్వరం సర్టిఫికెట్టు కానీ రాసేది ఆ నర్సే. కాగితం బల్లమీద పెట్టి అడుగున వేలు ఆనించేది. ఆయన ఎడమచేత్తో ఆ వేలిని తడుముకుని, పక్కనే పేరు గీకేవారు. పెద్దాయన అలవాటు కాబోలనుకునేవారు చూసేవాళ్లు. ఆయన కంటి నరం ఎండిపోతోందనీ, ఆపరేషనుకు లొంగదనీ మద్రాసులో చెప్పిన సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు. థర్మామీటరులో గీత, బీపీ మిషను మీద అంకె ఆమే చూసి, గొంతు తగ్గించి చెప్పేది. అయినా దుత్తలూరు నుంచీ మర్రిపాడు నుంచీ జనం వస్తూనే ఉండేవారు. ఆయన గొట్టం రోగి గుండెకు ఆనించి, తర్వాత అతను చెప్పేదంతా, ఎద్దు తప్పిపోయిన కథతో సహా, అడ్డు రాకుండా వినేవారు. ఆయన చెప్పిన జబ్బు తప్పడం అరుదు.

ఉదయగిరిలో ఆమె తండ్రి షావలి చెక్క స్పూన్లు చెక్కేవాడు. చేతులు వణకడం మొదలై ఉలి పక్కన పెట్టాక ఇంటి బరువు ఆమె మీద పడింది. అదొక్కటే కాదు. నెల్లూరులో నర్సింగు చదివిన నాటి నుంచీ పెద్దాస్పత్రి ఆపరేషను థియేటరులో నిలబడాలని ఆమెకు కోరిక. 1981లో సౌదీ ఆస్పత్రుల ప్రకటన పేపరులో కనబడింది. మద్రాసులో ఇంటర్వ్యూ. బస్టాండు పక్కన టైపు ఇన్‌స్టిట్యూటు నడిపే, తనను అక్కగా చూసే జానీ బాషా దగ్గరికి బయోడేటా కొట్టించుకోవడానికి వెళ్లింది.

"అనుభవం నాలుగేండ్లేనా? ఏంది ఆపా, మద్రాసు క్యూలో కేరళావోళ్లు పదేసేండ్లు పట్టుకోని నిలబడుంటారు. ఏడు కొడతా."

"నేను చేసింది నాలుగే గదరా."

"సౌదీ షేకు ఆత్మకూరు బస్సెక్కి లెక్క చూసేదానికొస్తాడా? డాక్టరుసారు సంతకం ఉంటే ఏడు ఏడే!"

బయోడేటాతో పాటు, డాక్టరుగారి లెటర్‌హెడ్ మీద ఏడేళ్ల అనుభవ పత్రం కూడా కొట్టిచ్చాడు.

మరునాడు మధ్యాహ్నం, రోగులు పలచబడ్డాక, దాన్ని మూడు మందుల చీటీల కింద పెట్టింది. ఆయన ఏమిటని అడగరు. ఏనాడూ అడగలేదు. చెబితే మాత్రం, తన కళ్లు తన్ను వదిలిపోతామంటే ఏ మనిషి సరేనంటాడు? మూడు చీటీలకూ వేలు పెట్టింది. సంతకాలు పడ్డాయి. నాలుగోసారి ఆయన చెయ్యి బల్లమీద వెతుక్కుంటూ వచ్చింది. వేలు లేదు.

"ఏదమ్మా?"

"ఇది నాది సార్. సౌదీకి పోయేదానికి."

డాక్టరుగారు కలానికి మూత పెట్టారు. "చదువు" అన్నారు.

చదివింది. ఏడేళ్ల దగ్గర ఆగింది. "నాలుగే సార్. జానీ బాషా ఏడు కొట్టినాడు. నేను ఒద్దనలా."

"అబద్ధం సరే, నిజం సగం కూడా రాయలేదే నువ్వు. రాసుకో. నాలుగేండ్లు. టెంపరేచరు, బీపీ ఈమే చూసింది. నేను చెప్తే మందుల చీటీలన్నీ ఈమే రాసింది."

"అట్ట రాస్తే మీ కళ్ల సంగతి తెలిసిపోద్ది సార్."

"తెలవనీలే. నువ్వు పోయినాక ఇంకెన్నాళ్లు దాగుతాది?"

జానీ బాషా గొణుక్కుంటూ మళ్లీ కొట్టాడు. ఆమె కాగితం బల్లమీద పరిచి వేలు చాపబోయింది.

"వొద్దు. దీనికి నీ వేలు వొద్దు."

సంతకం ఏటవాలుగా ఎగబాకి చివరి రెండు వరుసల మీద పడింది.

"పడిందా?"

"పడింది సార్. సరిగ్గా పడింది."

మద్రాసులో ఇంటర్వ్యూకు కూర్చున్న ముసలి సర్జను ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవన్నీ మీరే చూస్తే, మీ డాక్టరు ఏం చేసేవారు?"

ఆమె ఆ ఏటవాలు సంతకం వైపు చూసింది.

"వినేవారు సార్."

సర్జను మరి ప్రశ్నలు వేయలేదు. అనుభవం మాట ఎత్తలేదు. ఏ నెలలో బయలుదేరగలరని మాత్రం అడిగాడు.

ఆమె రియాద్‌లో థియేటరు నర్సుగా చేరిన మూడో నెలలో జానీ బాషా ఉత్తరం వచ్చింది. "సారు బోర్డు తీసేసినాడు ఆపా. అయినా మర్రిపాడోళ్లు వచ్చి అరుగు మీద కూసోని చెప్పుకుంటానే ఉండారు. అంతా వింటాడు. చీటీ మాత్రం రాయడు, గవర్నమెంటాస్పత్రికి పొమ్మంటాడు. కుర్చీ పక్కన నీ స్టూలు ఇంకా ఆడనే ఉండాది. దాని మింద ఎవుర్నీ కూర్చోనియ్యడు."